రెండు మిషన్లూ ఒకే మాట చెప్పాయి

1989 ఆగస్టు, హనుమకొండ. రాత్రి.

దవాఖానలో రక్తదాతల పేర్లు వెతకడానికి 286 మేలా, 386 మేలా అని ఇవాళ రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. మధ్యలో హసన్‌పర్తి నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుక్కి ఆపరేషనట, ఓ నెగెటివ్ రక్తం కావాలి. నాదేమో బి పాజిటివ్, పనికిరాదు.

కొత్త 386లో కొట్టాను. వేలు తీసేలోపే జవాబు వచ్చింది. ఎవరూ లేరు.

"గంత జల్ది ఎట్ల తెలుస్తది బిడ్డా? నువ్వు దేవులాడనే లేదు. జర మంచిగ చూడు" అంది.

పాత 286లో మళ్ళీ అదే కొట్టాను. అది గురగురమంటూ వెతికినంతసేపూ ఆమె తెరకు దండం పెట్టుకుని నిలబడింది. చివరికి అదీ లేరనే చెప్పింది.

"ఏంజేస్తం బిడ్డా. నువ్వైతే మంచిగనే చూసినవ్" అని కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్లవాడికి రక్తం దొరికిందో లేదో...

రిపోర్టులో 386 కొనమనే రాశాను. అందులో అనుమానం లేదు. కానీ ఆమె దండం పెట్టుకునేంత టైం దాంట్లో ఉండదు.