మైలుతుత్తం

ప్రొద్దుటూరు

మీకు రిహానా సలాములు. ఇక్కడ అత్త, పిల్లలు, నేను అల్లా దయతో బాగున్నాం. కువైట్ ఎండల్లో మీ ఒంట్లో ఎలా ఉందో రాయండి.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటారు. ఫోనులో అయితే నా పక్కన అత్త ఉంటుంది, మీ పక్కన గదిలోవాళ్లు ఉంటారు. ఇది మీరొక్కరే చదవాలి. జమ్మలమడుగు అఖ్తర్ బీ కొడుకు సెలవు అయిపోయి కువైట్‌కు తిరిగి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

సముద్రపు ఉప్పు సంచితో పంపిన చీటీలో మీరు అడిగినవాటికి ముందు జవాబులు. అత్త మోకాళ్లు కొంచెం నయం, వీధి చివరిదాకా నడుస్తోంది. చిన్నోడికి లెక్కలు ఇంకా ఒంటబట్టలేదు. చేపల తొట్టి అద్దాల మీది తెల్లపొర పోయింది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ పరిచి, నానాక బ్లేడుతో గీకాను. లోపలి అతుకుల మీద గమ్ము పైపైన చెక్కి కొత్తది పూశాను. నీళ్లు నింపితే చుక్క కారలేదు. లైటు వేసిన రోజు అత్త కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుంది. కువైట్‌లో పరాయివాళ్ల ఇళ్లలో ఇలాంటివి కడగడమే గానీ మన ఇంట్లో ఒకటి ఉండాలని మీరు అన్నది నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది.

మద్రాసు నుంచి తెప్పించిన నత్తలు, రొయ్యలు చచ్చాయని, పగడం తునక ముడుచుకుని కరిగిపోయిందని మీకు తెలుసు. అసలు ఎందుకో మీకు తెలియదు. అది రాస్తాను.

తొట్టి, రాళ్లు పులివెందులలో మా వలి బాషా అన్న దగ్గర తీసుకునే ముందు, అందులో చేపల జబ్బుకని రాగి మందు పోశారేమో అడగమని మీరు చెప్పారు. రాగి గమ్ములోకి, రాళ్లలోకి ఇంకితే చేపలు బతకొచ్చు గానీ నత్తలు, పగడాలు బతకవన్నారు. నేను అడిగాను. అన్న తన కూతురు సమీరా తల మీద చెయ్యి పెట్టి, పోయలేదని చెప్పాడు.

నత్తలు చచ్చాక పరీక్ష సీసా తెప్పించి చూస్తే నీళ్లలో రాగి ఉన్నట్టు రంగు తేలింది. పులివెందుల బస్సెక్కాను. ఖమ్రున్నీసా వదిన టీ పెడుతూ తొట్టి సంగతి అడిగింది. చెప్పాను.

"మా చేపలకూ తెల్లమచ్చలొచ్చి చస్తాంటే మీ అన్న మైలుతుత్తం ఏసినాడు గదా. నువ్వూ రవ్వంత ఏసి చూడు," అంది. ఆమెకు పాపం ఏమీ తెలియదు. అన్న అప్పుడే వాకిట్లో చెప్పులు విడుస్తున్నాడు. విన్నాడు.

అడిగితే, "నువ్వు రాగి మందా అని అడిగితివి. మైలుతుత్తమా అని యాడ అడిగినావు?" అన్నాడు.

మైలుతుత్తం అంటే రాగి మందే అయినా, ఆ పేరులో రాగి లేని మాట నిజమే. ఇంకెవరైనా అంటే నమ్మేదాన్ని. చీనీ తోటకు కొట్టడానికి మైలుతుత్తం, సున్నం కలిపిన ప్రతిసారీ అన్న అందులో కత్తి ముంచి చూసేవాడు. కత్తి ఎర్రబారితే రాగి పట్టిందని, సున్నం చాల్లేదని చెప్పి నాచేతనే ఇంకాస్త పోయించేవాడు. ఆ సంగతి ఎత్తాను. అప్పుడు అన్నాడు:

"మీ ఆయప్ప నన్ను నమ్మక నీచేత అడిగిచ్చె. పోలీసోళ్ల మాదిరి అడిగితే అడిగినదానికే చెప్తాం మ్మే. అయినా ఏంది, సముద్రాన్నే ప్రొద్దుటూరికి తెస్తాండాడా?"

అప్పుడే మీ ఫోను వచ్చింది. ఎందుకు చచ్చాయో తెలిసిందా అని అడిగారు. అన్న నా మొహం చూశాడు. సమీరా అక్కడే కూర్చుని ఉంది. ఎవరి తల మీద ఒట్టు వేశాడో ఆ పిల్ల ముందు ఆయన్ను దొంగను చేయలేక, ఉప్పు నేనే ఎక్కువ కలిపానని చెప్పాను. అది అబద్ధం. ఉప్పు సరిగ్గానే కలిపాను. మీరు తిట్టారు, పడ్డాను. తర్వాత ఫోను అన్నకు ఇమ్మన్నారు. ఇప్పుడైనా తనే చెప్తాడనుకుని ఇచ్చాను.

"చిన్నప్పటి నుంచీ అంతేలేప్పా, దాని చేతికి కొలత తెలీదు. నువ్వొచ్చినంక నువ్వే కలుపుకో," అన్నాడు.

మీరు నవ్వారు. పక్కన నిలబడ్డ నాకు వినపడింది.

టీ తాగకుండానే వచ్చేశాను. రాళ్లు, ఇసుక పారబోశాను. అద్దానికి రాగి పట్టదట, అందుకని తొట్టిని ఏ పలకకు ఆ పలక విడదీసి పాత గమ్మంతా గీకేస్తున్నాను. మళ్లీ అతికిస్తాను. ఈసారీ ఉప్పు నేనే కలుపుతాను.

అన్న ఫోను చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు. మీరు ఆయన్ను ఏమీ అనకండి. మీతోనూ ఒక మాట. ఎవరి మీదైనా మీకు అనుమానం ఉంటే మీరే అడగండి, నా నోటితో అడిగించకండి. నాకు ఒక్కడే అన్న ఉండేవాడు.

ఇట్లు,
మీ భార్య
రిహానా