మూడో గదికి పెట్టిన పేరు

విడవలూరు,
సోమవారం

చిరంజీవి రోజారమణికి అత్త ఆదిశేషమ్మ ఆశీర్వదించి రాయునది.

మేమంతా బాగున్నాం. నువ్వు బిగించిపోయిన పెట్టె మాత్రం బాగలేదు. హాల్లో ఒక రిసీవరు, మూడు గదుల కప్పుల్లో స్పీకర్లు, ఎక్కడ ఏది మోగాలో ఆ కుంకుమ భరిణెంత హబ్బుకు నోటితో చెబితే చాలన్నావు. వంటింట్లో నా హరికథ, మీ మామయ్య గదిలో రొయ్యల రేట్లు, ఎవరిది వాళ్లకన్నావు. ఆయన అన్నం తిని, తలుపు గడియ పెట్టుకుని, రేట్లు పెద్దగా పెట్టి నిద్రపోతాడు. ఇక్కడ సీతమ్మ అశోకవనంలో ఏడుస్తుంటే అక్కడినుంచి "నలభై కౌంటు రొయ్య రేటు పడిపోయింది" అని వినపడుతుంది.

"అంతా ఆపు" అంటే సీతమ్మ కూడా ఆగిపోతుంది. ఆ గది ఒక్కటే ఆపాలంటే నువ్వు దానికి పెట్టిన పేరు చెప్పాలంట. ఆ పేరు నా నోట రాదు. ఏదైనా దారి చూడు.

ఇట్లు,
మీ అత్త

తా.క.: ఫోన్లో చెబితే ఆ భరిణె వింటుంది. అందుకే ఉత్తరం. చేపలమ్మే పేరమ్మ గంపలో వస్తోంది. వాసన నాది కాదు.


నెల్లూరు,
మంగళవారం

అత్తయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి, రెండుసార్లు చేతులు కడుక్కుని రాస్తున్నాను.

ఇంటి యజమాని పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని మామయ్యే పట్టుబడితే ఆ గదికి 'విజయభాస్కర్' అని పెట్టాను. నీ కొత్త పళ్లసెట్టుకి అది బరువవుతుందని నాకు తట్టలేదు. విడగొట్టి పలుకు: వి, జ, య, భా, స్కర్. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకో. రోజూ పదిసార్లు, గట్టిగా. చివర 'ఆపు' అను.

ఇది నాకు ఆట కాదు అత్తయ్యా. బయటివాళ్లు ఒక్కరైనా నన్ను నమ్మి ఇట్లా పెట్టె బిగించే పని అప్పజెబితే సరే, లేకపోతే వచ్చేవారం నుంచి బ్యాంకు కోచింగే అని నాన్న తేల్చేశాడు. బుచ్చిరెడ్డిపాలెంలో కొత్త ఇల్లు కడుతున్న కామాక్షయ్య గారు, మామయ్య స్నేహితుడు, ఆదివారం భార్యతో మీ ఇంటికి వస్తున్నారు, ఈ పెట్టె చూడ్డానికే. అదే రోజు నాకు చెన్నైలో బ్యాంకు పరీక్ష. నాన్న నన్నడక్కుండానే దరఖాస్తు పెట్టేశాడు. చూపించాల్సింది నువ్వే.

నీ మీదే ఆశ పెట్టుకున్న
రోజా

తా.క.: పళ్లసెట్టు తీసి కూడా ఒకసారి ప్రయత్నించు.


విడవలూరు,
బుధవారం పొద్దున

చిరంజీవి రోజాకు,

నా పళ్లసెట్టుకు ఏ లోపమూ లేదు. నిన్న చెరుకు నమిలినా.

నాలుక తిరగక కాదే పిచ్చిదానా. మొగుడి పేరు ఎట్లా చెప్పమంటావు? నలభై ఏళ్లలో ఒక్కసారి చెప్పలేదు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగితే కాగితం మీద రాసి చూపించినా. ఆసుపత్రిలో అడిగితే "పక్కనే ఉన్నాడు, ఆయన్నే అడగండి" అన్నా. అప్పటికే ఆయనకి మత్తిచ్చేసినారు. ఇప్పుడు పేరొక్కటే కాదు, దాని వెనక 'ఆపు' కూడానా!

అయినా నీ కోసం కాగితం అంటించి, కళ్లు మూసుకుని 'విజయ' దాకా వచ్చినా. వెనక పేరమ్మ గంప దించి, "ఏందక్కా, అన్న గానీ తప్పిపోయినాడా?" అంది. మిగతాది గొంతులోనే ఉండిపోయింది.

ఇట్లు,
మీ అత్త

తా.క.: నేను 'విజయ' అనగానే ఆ భరిణె "ఏ విజయ?" అని అడిగింది. ఆ అడిగిన తీరు నాకు నచ్చలేదు.


నెల్లూరు,
గురువారం

అత్తయ్యకు,

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినా ఇది తట్టలేదు. తప్పు నాదే. మధ్యాహ్నం ఇక్కడినుంచే నా ఫోన్లో ఆ గది పేరు మార్చేశాను. ఇక 'మామయ్య' అంటే చాలు. ఇంట్లో అందరం పిలిచేదే కదా.

నీ
రోజా

తా.క.: ఆసుపత్రివాళ్లు చివరికి ఏ పేరు రాసుకున్నారు?


విడవలూరు,
శుక్రవారం

చిరంజీవి రోజాకు,

మామయ్య నీకు. నాకు మామయ్య అంటే మా మామగారు. ఆయన ఫోటో దండతో సహా ఆ భరిణెకు సరిగ్గా పైనే ఉంది. పోయి పదేళ్లయినా ఇప్పటికీ ఆయనెదుట కుర్చీలో కూర్చోను. అట్లాంటిది నిలబడి "మామయ్యా, ఆపు" అనాలా? కొంగు కప్పుకుని, "మామయ్య గారూ, దయచేసి కాస్త ఆపించండి" అన్నా. "నాకు అర్థం కాలేదు" అంది భరిణె. దానికి మర్యాద నేర్పలేదు నువ్వు.

ఆ పాత పేరే పెట్టెయ్. నా అవస్థ నేను పడతా.

ఇట్లు,
మీ అత్త

తా.క.: 'ఆదిశేషమ్మ భర్త' అని రాసుకున్నారు.

ఇంకో తా.క.: పాత పేరు ఇవాళే పెట్టు. మరిచిపోవద్దు.


నెల్లూరు,
శనివారం

అత్తయ్యకు,

నిన్ను అవస్థ పెట్టడం నాకిష్టం లేదు. ఎవరి పేరూ లేకుండా 'మూడో గది' అని పెట్టాను. చచ్చినవాళ్లకీ బతికినవాళ్లకీ ఇబ్బంది లేదు. రేపు వాళ్ల ముందు ఈ మాట చెప్పి ఆపు, చాలు. పాత పేరు మీద నీకంత తొందరెందుకో మాత్రం అర్థం కాలేదు.

చెన్నై రైలెక్కబోతున్న
రోజా

తా.క.: పరీక్షలో ఎట్లా తప్పాలో నేను చూసుకుంటాను. నువ్వు తప్పకు.


విడవలూరు,
సోమవారం

చిరంజీవి రోజాకు అత్త ఆశీస్సులు.

నిన్న వాళ్లు వచ్చినారు. "మూడో గది, ఆపు" అన్నా. ఆగింది. కామాక్షయ్య గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఇంతేనా? స్విచ్చు నొక్కితే పోలా?" అన్నాడు. మీ మామయ్య నేలచూపులు చూసినాడు. నీ కోచింగ్ ఖాయమనుకున్నా.

ఆయన భార్య సామ్రాజ్యం నా వెంట వంటింట్లోకి వచ్చింది. ఇంక దాచి లాభం లేదని ఆమెకు చెప్పినా, నీకూ చెబుతున్నా. బుధవారం నీకు రాసిన ఉత్తరం తీసుకుని పేరమ్మ పోయినాక, తలుపులన్నీ వేసుకుని, ఫ్రిజ్ ముందు నిలబడి మొత్తం పేరు అనేసినా.

"విజయభాస్కర్, ఆపు!"

ఆగిపోయింది రోజా! నలభై ఏళ్లుగా "ఏమండీ, కాస్త" అని మొదలుపెట్టి ఎన్ని మాటలు మింగినానో నాకే తెలుసు. ఆ పేరుగలది నేను చెప్పగానే నోరు మూసుకోవడం అదే మొదటిసారి. గురువారం పొద్దున మళ్లీ మోగించి మరీ మూడుసార్లు ఆపినా. ఇంతలో నువ్వొచ్చి మా మామగారిని అడ్డం పెట్టినావు.

సామ్రాజ్యం వంటింటి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత, "నిజంగా ఆగుతుందా అక్కా?" అంది. నేరుగా హాల్లోకి పోయి, "మనకీ ఇది కావాల. నాలుగు గదులకీ పెట్టించాల. గదులకు మాత్రం మీ పేరే ఉండాల. కామాక్షయ్య ఒకటి, కామాక్షయ్య రెండు, అట్లా" అంది. ఆయన కండువా సర్దుకుని, మీ మామయ్య వైపు తిరిగి, "చూసినావా, నేనంటే ఎంత గౌరవమో!" అన్నాడు. నిన్ను బుధవారం వచ్చి గదులు చూసుకోమన్నాడు. మీ నాయనకు అప్పుడే ఫోన్ చేసి చెప్పినాడు కూడా.

నా పని నేను చేసినా. ఇక ఆ పాత పేరు నాకిచ్చెయ్.

ఇట్లు,
విజయభాస్కర్ భార్య ఆదిశేషమ్మ

తా.క.: గౌరవం సంగతి విన్నాక, వంటింటికి నా పేరు పెట్టించాలని మీ మామయ్యకు బుద్ధి పుట్టింది. రేపు నీకు ఫోన్ చేస్తాడు. ఆ సౌకర్యం యంత్రంలో లేదని చెప్పు.