అది ముట్టు కాదన్నా

ఖమ్మం, ఏప్రిల్ 2006

జోగన్నకు చెల్లె భద్రమ్మ దండాలు. నేను బాగున్నాను, అమ్మ బాగులేదు.

గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని తేలింది. ముట్టు ఆగిపోయిన ఇన్నేళ్ళకు మళ్ళీ రక్తం కనబడితే, అదీ ముట్టే అనుకుని అమ్మ ఊరి చివర గుడిసెలో కూర్చుంది. మనమూ అక్కడికే అన్నం పంపాం. అప్పుడే పరీక్ష చేయిస్తే నయమయ్యేదట. ఇప్పుడు ఆపరేషన్‌కు కూడా లొంగదని డాక్టరమ్మ చెప్పేసింది.

నిన్న పొద్దున చూస్తే మంచం ఖాళీ. అమ్మ ఆస్పత్రి వరండా చివర ఉత్త గచ్చు మీద, పళ్ళెం విడిగా పెట్టుకుని కూర్చుంది. లేపబోతే, "దగ్గరికి రాకు బిడ్డా, నేను బయట ఉన్న. గా మంచం మైలపడ్తది" అంది. "గిది రోగమే అమ్మా" అని ఎంత చెప్పినా నమ్మదు. ఎత్తి పడుకోబెడితే మళ్ళీ దిగింది.

పాత మెత్తటి చీరలు పంపు, గుడ్డలు చాలడం లేదు. మేక ఈనిందా? ఇప్పపువ్వు వదిన ఒక్కతే ఏరుతోందా?

జంపక్క చిన్నమ్మ కూడా ఈమధ్య మళ్ళీ గుడిసెకు వస్తోందట. "నాకు తోడు దొరికింది" అని అమ్మ నవ్వుతూ చెప్పింది. చిన్నమ్మకూ ముట్టు ఆగి ఏళ్ళయింది కదన్నా.

ఏ బాధా లేకపోయినా వదిననూ పరీక్షకు పంపు. పిల్లలకు దీవెనలు. ఈ కార్డు ఊరంతా చదువుతుంది, చదవనీ. మగవాళ్ళు ఆ గుడిసె వైపు పోగూడదంటారు. నువ్వు పో అన్నా. చిన్నమ్మను చెయ్యి పట్టుకుని లేపి బస్సెక్కించు.

నీ చెల్లె
భద్రమ్మ