నవాతా మాయం చేసిన సింబల్

అమగసాకి,
జూన్ 19

గౌరవనీయులైన నవాతా గారి సముఖానికి,

ఎడతెగని ఈ ముసుర్లో మీ గిటారూ, మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. ఏమిటీ మర్యాద అనుకుంటున్నావా? మొదలుపెట్టింది నువ్వేరా! నలభై ఏళ్లుగా నన్ను 'మొద్దూ' అని తప్ప పిలవని మనిషివి, రికార్డింగ్ ఆఖరి రోజున అందరి ముందూ వంగి, కుగా-సాన్, చాలా బాగా వాయించారు అన్నావు. మనవైపు వాడు స్నేహితుణ్ణి 'సాన్' అని గౌరవించాడంటే ఏదో దాస్తున్నట్టే. నాకు అనుమానం ఆ రోజే పుట్టింది.

నువ్వు పంపిన సీడీ నిన్న మధ్యాహ్నం, మా ఉడోన్ సేమ్యాల కొట్లో బేరాలు తగ్గాక విన్నాను. ఇరవై ఏడేళ్ల తర్వాత మన నలుగురం కలిసి చేసిన ఆల్బమ్! ఇప్పుడు వాయించినదానికి పాత రిహార్సల్ క్యాసెట్లలోని మన గోలా, కొత్త కంప్యూటర్ మోతలూ కలిపావు. బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మూడో పాటలో నా సింబల్, ఆ కంచు పళ్లెం మోత, ఏదిరా? పాట పొడుగునా దాన్నే కదా వాయించాను! మణికట్టు వాచి రెండు రోజులు పిండి పిసకలేకపోయాను. పెద్ద డ్రమ్ము దడదడలాడుతోంది, సింబల్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఐదో పాటలోనూ అంతే. ముసలాడి చెయ్యి తడబడిందని తుడిచేశావు కదూ? కంప్యూటర్ దగ్గర కూర్చునే మినో-సాన్‌ని ఫోన్లో అడిగితే, అన్నీ ఉన్నాయండీ అని నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు. అందరూ కూడబలుక్కున్నారు.

విడుదలకి ఒప్పుకుంటూ సంతకానికి బదులు నా పేరు ముద్ర వెయ్యాలని కాగితం పంపావు. వెయ్యను. నేను వాయించనిది నా పేరుతో బయటికి పోనివ్వను. నా చేతులు పనికిరావనుకుంటే మొహం మీదే చెప్పు, మొద్దూ అని తిట్టి మరీ చెప్పు. ఏడ్చి ఊరుకుంటాను. చాటుగా చేశావో, ఈ జన్మలో నీ మొహం చూడను.

ఇట్లు,
నీ డ్రమ్మర్ (ఇంకా నేనే అయితే),
కుగా తెత్సుజి

తా.క. కవరు అంటించే ముందు మా ఆవిడ ఫుసాయెకి మూడో పాట వినిపించాను, నా తరఫున సాక్ష్యం చెబుతుందని. చెవులు మూసుకుంది. ఆ కంచు మోత తగ్గించండి, చెవులు గింగిర్లెత్తుతున్నాయి అంది. ఎక్కడే అన్నాను. పాట అయ్యేదాకా, అది మోగిన ప్రతిసారీ బల్ల మీద వేలితో కొట్టి చూపించింది. నాకు ఆవిడ వేలు కనిపించిందంతే.

ముద్ర వేసిన కాగితం ఇందులోనే ఉంది. నా చెవుల సంగతి నీకు స్టూడియోలోనే తెలిసిపోయిందా? మిగతా ఇద్దరికీ చెప్పకురా. శనివారం కచేరీలో నా సింబల్ మరీ మోగిపోతుంటే ఒక్కసారి వెనక్కి తిరిగి తల ఊపు. నిన్ను చూసుకుని వాయిస్తాను.