పళ్ళెం రెండో వైపు

పాలు కాచాను, వేడి చేసుకుని తాగండి. మీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. ఇక అక్కర్లేదు, మీరే బీరువాలో పెట్టుకోండి.

ఈరోజు మా బడి పండుగ. కొత్తగా పెళ్లైన టీచరు, భర్తతో కలిసి చర్చిలో దివ్యపూజప్పుడు కానుకల పళ్ళెం చెరోవైపు పట్టుకెళ్లడం మా దగ్గర ఆనవాయితీ. ఎన్నాళ్ళ నుంచో మురిసిపోతూ చెబుతున్నాను. ఇందాక లేపితే "ఐదు నిమిషాలు" అని గోడవైపు తిరిగారు. రాత్రి స్నేహితులతో కబుర్లాడినప్పుడు ఈ నిద్ర ఎక్కడికి పోయింది?

"టీచర్, మీకు నిజంగా పెళ్లయిందా?" అని నిన్న రెండో తరగతి పిల్ల అడిగింది. అయిందనే చెప్పాను.

పళ్ళేనికి రెండో వైపు అత్తయ్య పట్టుకుంటారు. "వీణ్ణి కన్న పాపానికి నేనొస్తానమ్మా, పద" అని చీర మార్చుకుని వచ్చేశారు.

తా.క. ఫోటో తీయించుకుంటాం. మన గదిలో అదే తగిలిస్తాను.