మేకు దిగని కాడి

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

చందర్లపాడు నుంచి భవానీప్రసాద్ గారు ఈ రోజు మా కోత మిల్లుకు వచ్చారు. బండలాగుడు పందేలకు ఆయన గిత్తలను మేపుతారు. వాటిని తోలేది మా అబ్బాయి నౌషాద్. పాత కాడి అరిగిపోయిందనీ, కొత్తదానికి ఏ కర్ర మంచిదో శాస్త్రప్రకారం చెప్పమనీ అడిగారు. శాస్త్రప్రకారం అన్న మాట ఆయనదే. రాత్రి బడిలో చదువుకుని, నలభై దాటిన తరువాత సెకండ్ క్లాసులో డిగ్రీ పాసైన నన్ను జగ్గయ్యపేటలో ఇంతవరకు ఎవరూ అలా అడగలేదు.

సుబాబుల్, వేప, టేకు, తుమ్మ, సండ్ర ముక్కలను వరుసగా పేర్చి, ఒకే సైజు మేకులను ఒకే సుత్తితో కొట్టి చూపించాను. సుబాబుల్‌లో మేకు తల దాకా దిగింది. తుమ్మలో సగం వరకు దిగి మొరాయించింది. సండ్రలో దిగనే లేదు, వంగిపోయింది. వంగిన మేకును ఆయన అరచేతిలో పెట్టాను.

కాడికి తుమ్మే కదా అలవాటు అని ఆయన సందేహించారు. అలవాటు వేరు, రిజల్ట్ వేరు అన్నాను. ఆయన పొలం గట్టున నిలువునా ఎండిపోయిన సండ్ర మాను ఒకటి ఉన్నదట. ఎండబెట్టే పని కూడా లేదు కనుక దానినే కోయించమన్నాను.

26 ఫిబ్రవరి, శివరాత్రి

నందిగామ దగ్గర తిరునాళ్లలో ఆరు పళ్లు వచ్చిన గిత్తల విభాగంలో మన జతకు ఫస్ట్ ప్రైజ్. కాడిని ఎంపిక చేసినవారు జిలానీ గారు, బి.ఏ. అని నా పేరు మైకులో చెప్పారు. రెండుసార్లు చెప్పారు.

భవానీప్రసాద్ గారి తల్లి రత్తమ్మ గారు కాడికి పసుపు గుడ్డ కట్టారు. గెలిచిన కాడిని ఆ ఏడాదంతా మార్చకూడదని వారి ఇంటి కట్టుబాటు.

13 మార్చి, గురువారం

ఉపవాసంతో నోరు ఎండి ఉన్నది. నోరు ఎండింది ఉపవాసం వల్లనే అని రాయలేను.

ఆ మానులో మిగిలిన చెక్క మిల్లులో ఉన్నది. మేకు టెస్టు గట్టితనాన్ని మాత్రమే చెబుతుంది. బలం సంగతి కూడా తేల్చితే పరీక్ష సంపూర్ణమవుతుందని తోచింది. సమానమైన బద్దలు కోసి, రెండు ఇటుకల మీద ఆనించి, మధ్యలో బరువులు వేలాడదీశాను.

తుమ్మ బద్ద వంగింది. కిర్రుమన్నది. పేళ్లు లేచాయి. ఆ తరువాత విరిగింది. సండ్ర బద్ద వంగలేదు, మూలగలేదు. ఉన్నట్టుండి సుద్దముక్కలా రెండైంది. విరిగిన చోట ఒక్క పేడు లేదు, కత్తితో కోసినంత నునుపు.

మిల్లులో ఉన్న వేరే సండ్ర మానులోంచి బద్ద కోసి చూశాను. అది అన్నింటికన్నా ఎక్కువ బరువు మోసింది. కాబట్టి దోషం జాతిది కాదు, ఈ మానుది. చెట్టు నిలువునా చచ్చి నిలబడి ఉన్న కాలంలో లోపల పుచ్చు మొదలైంది. పైకి గట్టితనం పోలేదు, మేకు దీనిలోనూ దిగలేదు; పోయింది బరువుకు ఓర్చుకునే జిగి. మేకుకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసి ఉండవలసింది.

కాడి విరిగితే బండ బరువంతా ఒక్క క్షణంలో ఒక గిత్త మీద పడుతుంది. అది అడ్డంగా తిరుగుతుంది. దాని పక్కన పరుగెత్తేది నౌషాద్.

14 మార్చి

మళ్లీ చేశాను. అదే రిజల్ట్.

18 మార్చి, మంగళవారం

చెప్పడానికే చందర్లపాడు వెళ్లాను. భవానీప్రసాద్ గారి వరండాలో జి.కొండూరు నుంచి వచ్చిన బంధువులు కూర్చుని ఉన్నారు. ఈయనే మన కలప సైంటిస్టు అని నన్ను పరిచయం చేశారు. వారు లేచి కుర్చీ వేశారు.

కాడికి అప్పుడప్పుడు మైనం పూస్తూ ఉండమని సలహా ఇచ్చాను. వచ్చిన పని చెప్పకుండానే బస్సెక్కాను.

24 మార్చి

నౌషాద్ రోజూ ఇసుక బస్తాలు వేసి గిత్తలకు ప్రాక్టీసు ఇస్తున్నాడు. శ్రీరామనవమి పందెంలో బండ ఇంకా పెద్దదట. సాయంత్రం వాడు ఇల్లు చేరేదాకా నేను వీధి అరుగు మీద ఉంటున్నాను. బయట గాలి బాగున్నదని మా ఆవిడ ముంతాజ్‌తో చెప్పాను. గాలి ఎక్కడుంది, చెమటలు కారుతున్నాయి కదా అని ఆమె అన్నది.

31 మార్చి, రంజాన్

ఈద్గా నుంచి వస్తూ నౌషాద్‌కు అంతా చెప్పాను. వాడు నవ్వాడు. బద్ద విరగడం, కాడి విరగడం ఒకటేనా అన్నాడు. తోలవద్దన్నాను. అప్పుడు నవ్వు మానేశాడు.

"నీ మాట మీదేగా నాన్నా నేను దాన్ని కట్టింది. ఇప్పుడు దిగిపొమ్మంటే ఆ గిత్తల్ని ఇంకోడి చేతిలో పెట్టాలా? వాడు పోతే పర్లేదా?"

ఇంటికి వచ్చి సేమియా గిన్నెను పక్కకు నెట్టాను.

2 ఏప్రిల్, బుధవారం

భవానీప్రసాద్ గారికి చెప్పేశాను. నా పరీక్ష అసంపూర్ణమనీ, నా సిఫార్సును వెనక్కు తీసుకుంటున్నాననీ నిలబడే చెప్పాను. ఆయన విసుక్కున్నారు.

"మేకు వంచి నా చేతిలో పెట్టింది నువ్వే కదయ్యా. ఫస్ట్ కొట్టిన కాడిని దించితే మా అమ్మ అన్నం ముట్టదు. కొడుకు మీద బెంగ ఉంటే బెంగని చెప్పు, మధ్యలో శాస్త్రం ఎందుకు?"

రత్తమ్మ గారు లోపలి నుంచే, సాయిబుకు దిష్టి తగిలింది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యండి అన్నారు.

5 ఏప్రిల్

కాడిని ఎత్తుకుపోదామనుకున్నాను. పసుపు గుడ్డతో సహా పశువుల కొట్టంలో తాళం వేసి ఉంచారు.

6 ఏప్రిల్, ఉదయం

వెళుతున్నాను. మిల్లు నుంచి సమ్మెట తీసుకున్నాను.

6 ఏప్రిల్, సాయంత్రం

జగ్గయ్యపేట శివారు పొలంలో శ్రీరామనవమి పందెం. జనం గట్ల మీద, ట్రాక్టర్ల మీద కిక్కిరిసి ఉన్నారు. మన జత వంతు రాకముందే నేను బరిలోకి దిగాను. గిత్తలకు కట్టబోతున్న కాడిని పట్టుకుని, అందరికీ వినిపించేలా అన్నాను.

"ఈ కాడిని గట్టిదని చెప్పింది నేనే. అది తప్పు. రెండు రాళ్ల మీద పెట్టి సమ్మెటతో కొడతాను. నిలిచిందా, నా కొడుకే తోలతాడు, నేను నోరెత్తను."

ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. అనకపోతే వారు ఒప్పుకునేవారు కారు. రత్తమ్మ గారు పసుపు గుడ్డ విప్పుకుని, కొట్టనివ్వండిరా, వాడి పిచ్చి వదులుతుంది అన్నారు.

కొట్టాను. సమ్మెట ఎగిరి వెనక్కు వచ్చింది. కాడి మీద గీత కూడా పడలేదు.

జనం గొల్లున నవ్వారు. బి.ఏ. చదివి కట్టెలు కొడుతున్నాడ్రా అని ట్రాక్టరు మీద నుంచి ఎవరో అన్నారు. నాకు సిగ్గు వేయలేదు. జీవితంలో మొదటిసారి అటువంటి మాటకు సిగ్గు వేయలేదు. ఆ కర్ర నిలిచింది, ఇక నౌషాద్ దాన్ని కడతాడు అన్న ఒక్క భయంలో ఇంకేదీ పట్టలేదు. వాడు కాడి తీసుకోవడానికి వంగబోతున్నాడు. చాల్లే జిలానీ, మాటంటే మాటే అని భవానీప్రసాద్ గారు అన్నారు.

మాట తప్పాను. మళ్లీ కొట్టాను.

పెద్ద చప్పుడేమీ కాలేదు. రెండు ముక్కలు రాళ్లకు అటొకటి, ఇటొకటి పడ్డాయి. విరిగిన మొహం సుద్దలా నునుపు. నౌషాద్ దాని మీద బొటనవేలు పెట్టి రాశాడు. పొడి రాలింది. వాడు ఆ వేలిని చూసుకుంటూ ఉండిపోయాడు.

వేరే కాడి లేదు. జత పందెంలో దిగలేదు. భవానీప్రసాద్ గారు గిత్తలను లారీ ఎక్కించుకుని వెళ్లిపోయారు. రేపటి నుంచి నౌషాద్ రానక్కరలేదని డ్రైవరు చేత చెప్పించారు.

7 ఏప్రిల్, పగలు

నౌషాద్ నాతో మాట్లాడటం లేదు. నిద్రపోతున్నాడు. గురక పెడుతున్నాడు. మిల్లుకు వెళ్లకుండా, వాడి గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.