గాలి తీయని పట్టీ

సోమవారం

చిట్టీ,

నువ్వు క్షేమంగా చేరినందుకు సంతోషం. ఫిర్యాదుకు జత చేయడానికి వేళలు అడిగావు. ఫోనులో చెబితే సగం విని సగం వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను.

గుండె పరీక్షకు కుడి మణికట్టులోంచి గొట్టం పంపింది పదకొండూ పదికి. తీసింది పదకొండూ నలభై ఐదుకి. రక్తం ఆగడానికి ఆ చోట గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీ బిగించారు. ఒంటిగంటం పావు నుంచి నర్సు కొంచెం కొంచెంగా గాలి తీస్తూ మూడింటికల్లా దాన్ని విప్పాలి. ఐదూ నలభైకి డాక్టరు వచ్చి విప్పించేదాకా అది అలాగే ఉంది. నా వేళ్లు వాచి నీలంగా ఉండటం నువ్వే చూశావు. అంతసేపు నొక్కి ఉంచడం వల్లే మణికట్టు దగ్గరి రక్తనాళం మూసుకుపోయిందని స్కాన్ చూసి చెప్పారు. చిటికెనవేలి వైపున్న రక్తనాళమే ఇప్పుడు చేతిని కాపాడుతోందట. రక్తం పల్చబడే మాత్రలు నెల రోజులు వాడాలి. బొటనవేలు ఇంకా తిమ్మిరిగా ఉంది. అక్షరాలు వంకరపోతే సరిపెట్టుకో.

ఆ నర్సు ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్లే. అయినా తప్పు తప్పే.

మీ అమ్మమ్మ


గురువారం

చిట్టీ,

నీ ఫిర్యాదు వెనక్కి తీసుకో. నేను రాసిన వేళలన్నీ నిజమే. రాయకుండా వదిలేసినవి ఉన్నాయి.

ఒంటిగంటం పావుకి ఆ పిల్ల వచ్చింది. సిరంజి పట్టుకుని, "టీచరుగారూ, కాస్త గాలి తీస్తాను" అంది.

"సాయంత్రం దాకా ముట్టుకోవద్దని డాక్టరు ఇప్పుడే చెప్పి వెళ్లాడు" అన్నాను. డాక్టరెవరూ రాలేదు.

"నాకేం చెప్పలేదే?"

"నేను చెబుతున్నానుగా!" అన్నాను, బడిలో వాడిన గొంతుతో.

పాపం, ఏడో తరగతిలో నిలబడ్డట్టే నిలబడి, "సరే టీచరుగారూ" అని వెళ్లిపోయింది. మూడింటికి మళ్లీ వచ్చింది. మళ్లీ పంపేశాను. డాక్టరు వచ్చి "ఇదేమిటి?" అని అరిచినప్పుడు ఆ పిల్ల నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ఎందుకంటావా? నువ్వు ఆరింటికి వస్తానన్నావు. పట్టీ విప్పితే మంచం ఖాళీ చేయించి వరండాలో కూర్చోబెడతారు. పొద్దున అక్కడే కూర్చున్నాను. ఒక పక్క ముసలాయనకి కొడుకు చెప్పులు తొడుగుతున్నాడు. ఇంకో పక్క ఒకావిడని ముగ్గురు కూతుళ్లు కలిసి తిడుతున్నారు, మందులు వేసుకోలేదని. గుమస్తా నలుగురికీ వినబడేలా "మీతో ఎవరొచ్చారమ్మా?" అని అడిగాడు. "దారిలో ఉన్నారు" అన్నాను. ఆ మాట ఇంకో మూడు గంటలు చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

అదొక్కటే అయితే ఇంత సిగ్గుపడను. నువ్వు వచ్చేసరికి నేను మంచం మీద, చేతికి పట్టీతో ఉండాలనిపించింది. సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కనబడితే, "బాగానే ఉన్నావుగా అమ్మమ్మా" అని నన్ను ఇంటి దగ్గర దింపి, వచ్చిన దారినే వెళ్లిపోతావు. మీ అమ్మ పోయిన ఈ ఆరేళ్లుగా నువ్వు నన్ను చూసి వెళ్లడం అలాగే జరుగుతోంది. అందుకే నాలుగింటికి వేళ్లు మొద్దుబారినా పళ్లు బిగబట్టుకున్నాను.

నువ్వు ఆ చెయ్యి చూసి ఏడ్చావు. నాలుగు రోజులు సెలవు పెట్టావు. అన్నం కలిపి పెట్టావు, జడ వేశావు. "మంచమంతా నీదే అనుకున్నావా, జరుగు" అని నన్ను తోసి పక్కన పడుకున్నావు. నువ్వు ఆ నర్సుని తిడుతుంటే కళ్లు మూసుకుని తల దువ్వించుకున్నాను. నిజం చెబితే లేచి వెళ్లిపోతావని భయం.

నిన్న చెయ్యి చూపించుకోవడానికి వెళ్తే ఆ పిల్ల లేదు. పని నుంచి ఆపేశారట. "టీచరుగారే వద్దన్నారు" అని మొత్తుకున్నా, "ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు" అని ఎవరూ నమ్మలేదట.

ఇవాళ పొద్దున్నే సూపరింటెండెంటు ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ పిల్లని పిలిపించాడు. ఆ పిల్ల కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టింది.

"ఒక్క కూడిక తప్పినందుకు నన్ను బెత్తంతో కొట్టారు మీరు. ఇప్పుడు మిమ్మల్నేం చెయ్యమంటారు?" అంది.

నేను చెయ్యి చాపాను. ఆ పిల్ల మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి వెతికింది. "ఇంకా అందడం లేదు. మాత్రలు మానకండి" అని వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. డాక్టరు రాసిన కాగితం చూడకుండా రోగి మాట నమ్మినందుకు హెచ్చరిక మాత్రం ఇచ్చారు. అది నా వల్ల వచ్చిన మచ్చ, తుడవడం నా చేతిలో లేదు.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. చేతి వాపు తగ్గింది, అన్నం నేనే కలుపుకుంటున్నాను, జడ నేనే వేసుకుంటున్నాను. నువ్వు రావడానికి కారణమంటూ ఏమీ లేదు.

ఒక్కదాన్నే ఉన్నాను, రా.

మీ అమ్మమ్మ